వంతెన మీదికెల్లి

బామణి దాటినంక సిగ్నల్ పోతది.
ఒక గీత, అరగీత, తర్వాత ఏం లేదు.
సిరొంచ నుంచి ఆలాపల్లి దాకా
ఎర్రబస్సుల టికెట్లు కొట్టేటోన్ని నేను.
అందరికీ కొట్టుడు అయినంక
ఫోన్ల ఏది తెరిచి ఉంటే
ఇగ అదే లోకం.

మామూలుగైతే నా బొటనవేలు ఆగది.
పత్తి ధర, ఎవలదో పెండ్లి, ఎక్కడిదో కొట్లాట,
మోకాళ్ల నొప్పికి వాయిలాకు.
అన్నీ చూసిన. ఏదీ చదవలే.
రాత్రి కంచం ముందట శాంతుబాయి అడుగుతది:
"ఇయాల ఏం చదివినవ్?"
కడుపునిండ తిని
కూర పేరు మర్సినోని లెక్క
నోరు తెరిచి కూసుంట.

ఆ దినం తెరిచి ఉన్నది ఒక్కటే వ్యాసం.
తెలుగుది. మా నది గురించి.
"ప్రాణహితలో చేపలు అయిపోయాయి"
అని పైన లావు అక్షరాలు.

నాది మరాఠీ బడి.
ఆ అక్షరాలు దండెం మీద ఆరేసిన బట్టలు,
పైగీత పట్టుకుని కన్ను జర్రున జారిపోతది.
తెలుగు నా నోట్లదే గానీ కంట్లది కాదు.
ముప్పై ఏండ్లు దాటినంక
నది అవతలి బస్సుల బోర్డుల మీద నేర్సుకున్న.
ఇక్కడ దండెం లేదు.
ఎవల తలకట్టు వాళ్లే పెట్టుకుని
గడప ముందట నిలబడ్డ చుట్టాలు ఈ అక్షరాలు,
పేరు పెట్టి పిలువకుంటే లోపలికి రావు.
"ఠ" కాడ ఇప్పటికీ
బ్రేకు పడుతది నాకు.

మొదటిసారి చదివితే ఏడుపొచ్చింది.
ఉమనూరు మలుపుల కాడ రెండోసారి, కోపమొచ్చింది.
జిమల్‌గట్టల ఇద్దరు దిగిన్రు, ఒక మేక ఎక్కింది.
మూడోసారి చదువుకుంట
టికెట్ మిషన్ల కాగితం జానెడు చింపి
దాని వెనుక రాసుడు మొదలువెట్టిన:
ఇది ఏ నెల సంగతి?
ఏ రేవు కాడ, ఎవలనడిగిండు?
నిపుణులంటే ఎందరు? వాళ్లకు పేర్లు లేవా?
మూడో పేరాల "కొంత తగ్గాయి" అన్నోడు
పైకి పోయి "అయిపోయాయి" అని ఎట్లన్నడు?

నాలుగో సీట్ల బొల్లి మొండయ్య.
కాళ్ల నడుమ గోనెసంచి, సంచిల ఎండుచేపలు.
బస్సంతా ముక్కు మూసుకున్నది.
ఆయన పక్కన కూసోని
చేపలు లేవన్న వ్యాసం చదివి వినిపించిన.

మొత్తం విన్నడు. నడుమ ఒక్కసారి
"ఆ మాట మల్ల సదువు" అన్నడు.
బీడీ తీసిండు, బస్సని యాదికొచ్చి
మల్ల చెవి మీద పెట్టుకున్నడు.
"అబద్ధమైతే కాదు తమ్మీ.
వాలుగ తగ్గింది. బొచ్చె చిన్నగైంది.
గానీ ఇది వంతెన మీదికెల్లి రాసిండు.
మీదికెల్లి సూస్తే నీళ్లే కనవడ్తయి.
పడవల కూసుంటే
నీళ్ల కింద ఇంకో నీళ్లు నడిసేది తెలుస్తది."

రేపనపల్లి అంగడికాడ దిగిపోయిండు.
ఆయనకు రెండు రూపాల చిల్లర బాకీ ఉంటి,
అడగలే, నేనూ ఇయ్యలే, మర్సిన.

ఇగ అంతా టేకు అడివి.
రాసినోని మీద కోపం ఏమైందో తెల్వలే.
పాపం, ఆయన వంతెన దాకనన్న వచ్చిండు.
నేను?
వంతెన మీద ఉరికే బస్సు కిటికీలకెల్లి
ఇన్నేండ్లు
నదులను చదివినా అనుకున్నోన్ని.
నాలుగోసారి మెల్లగ చదివిన.
చివర్ల, చిన్న అక్షరాలల్ల
ఒక ముసలామె వల అల్లుడు గురించి రెండు లైన్లున్నయి.
ముందు మూడుసార్లు అవి నాకు కనవడనే లేదు.

ఆలాపల్లి స్టాండుల సిగ్నల్ వచ్చింది.
జేబుల ఫోన్ తేనెటీగల తుట్టె.
బామ్మర్ది పంపిండు, అదే వ్యాసం,
కింద ఏడుపు బొమ్మలు ఆరు.
అలవాటుగ నా వేలు బాణం గుర్తు దాకా పోయి
అక్కడ ఆగింది.
"మూడో పేరా చదివినవా?" అని కొట్టిన.

రెండు నీలి గీతలు వచ్చినయి.
జవాబు రాలే.
చాయ్ తాగిన. మల్ల చూసిన. రాలే.

మంచిదే.
చదువుతుండొచ్చు.